ఒక తప్పు సమాధానం తప్పనిసరి

మానవజాతి తలపెట్టిన మహాకార్యాలన్నిటిలోకీ క్లిష్టమైనది ఏదని అడిగితే, సముద్రాలు దాటడమనో, చంద్రమండలం మీద కాలు మోపడమనో తొందరపడి చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళు శిక్షణ కళాశాల మెట్లెక్కని అమాయకులు. రాయి నీళ్ళలో మునుగుతుందన్న సంగతిని ఆరేళ్ళ పిల్లలకు చెప్పగల అర్హతను ఒక పెద్దమనిషికి కల్పించడం అన్నిటికన్నా క్లిష్టమైన కార్యం. (రాయి సంగతి వేరు. దానికి ఏ అర్హతా అక్కర్లేదు. వేసిన వెంటనే మునుగుతుంది.)

ఈ కార్యం నిమిత్తం మేధావులు ఒక పోస్టు గ్రాడ్యుయేట్ కోర్సును నిర్మించారు. డిగ్రీతో ఎందుకు సరిపెట్టలేదని అడగడం తగదు. డిగ్రీ మాత్రమే ఉన్నవాడు రాయి మునుగుతుందని చెబితే పిల్లలు నమ్మవచ్చు గాని, విద్యాశాఖ నమ్మదు.

మా తమ్ముడి భార్య భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఆ శాస్త్రంతో ఏ సంబంధమూ లేని ఒక బీమా కార్యాలయంలో చాలా ఏళ్ళు పనిచేసింది. పాలసీదారుల అభ్యర్థనలను తిరస్కరిస్తూ, ఆ తిరస్కరణ వారి మేలు కోరే జరిగిందన్న భావం కలిగేలా ఉత్తరాలు రాయడం ఆమె విధి. ఆ విద్యలో ఆమె ఎంత ఎత్తుకు ఎదిగిందంటే, తిరస్కరణ అందుకున్న ఒక పెద్దాయన ధన్యవాదాలు తెలుపుతూ జవాబు రాశాడు. ఆ జవాబును ఆమె రెండుసార్లు చదివింది. పెన్నుకు మూత పెట్టింది. ఇంటికి వచ్చి, "నేను చిన్నపిల్లలకు పాఠాలు చెప్తాను అత్తయ్యా" అంది.

"చెప్పుకోవమ్మా. ఎవరు కాదన్నారు?" అంది మా అమ్మ, పాఠం చెప్పడానికి పిల్లలూ టీచరూ ఉంటే చాలనుకునే పాతకాలపు మనిషి కనుక.

మా వీధి చివర ఒక చిన్న బడి ఉంది. అక్కడి ఒకటో తరగతి టీచరమ్మ ఆ ఏడాదితో పదవీ విరమణ చేయబోతోంది. హెడ్‌మిస్ట్రెస్ మా మరదలితో ఒక పూటంతా మాట్లాడి, ముచ్చటపడి, ఆ కుర్చీని ఆమె కోసం ఖాళీగా ఉంచుతానని మాట ఇచ్చింది. "కానీ పట్టా ఉండాలమ్మా. పట్టా లేకుండా నిన్ను క్లాసులోకి పంపిస్తే నా కుర్చీ కూడా ఖాళీ అవుతుంది" అని చెప్పింది. కనుక మా మరదలు బీమా కార్యాలయానికి రాజీనామా ఇచ్చింది. (తన రాజీనామాను తిరస్కరించవద్దని కోరుతూ ఆమె రాసిన లేఖను ఆ కార్యాలయంలో ఇప్పటికీ నమూనాగా చూపిస్తారట.) ఇక ఆమెకూ ఆ కుర్చీకీ మధ్య మిగిలింది కోర్సు ఒక్కటే.

శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్ ఆమె దరఖాస్తు మీదనుంచి తలెత్తి జాలిగా చూశారు.

"ఫిజిక్స్ చదివారా?"

"చదివానండీ."

"ఫరవాలేదు. ఏడాది తిరిగేసరికి సర్దుకుంటుంది."

కోర్సు మొదటి భాగంలో పిల్లలెవరూ కనిపించరు. పిల్లలను ముందుగా చూసినవారికి పిల్లలను గురించిన సిద్ధాంతాల మీద నమ్మకం సడలుతుందని కళాశాల వారి దీర్ఘానుభవం. పిల్లవాడు పుష్పమని ఒక సిద్ధాంతం, రాయని పలక అని మరొక సిద్ధాంతం, తడిమట్టి అని ఇంకొకటి. వీటిలో ఏది నిజమన్న విషయం మీద లెక్చరర్ల మధ్య తీవ్రమైన అభిప్రాయభేదాలున్నా, పరీక్షలో పుష్పం రాయడమే క్షేమమని అందరూ ఏకగ్రీవంగా అంగీకరిస్తారు. నల్లబల్లను పైనుంచి కిందికే తుడవాలనీ, అడ్డంగా తుడిస్తే సుద్దపొడి ఎగిరి టీచరు వ్యక్తిత్వం దెబ్బతింటుందనీ కూడా ఈ దశలోనే నేర్పుతారు. మా ఇంట్లో గాజు కిటికీలన్నీ కొన్నాళ్ళపాటు పైనుంచి కిందికే తుడవబడ్డాయి.

తరువాత దశలో పిల్లలు ప్రవేశిస్తారు, అయితే వారు నిజమైన పిల్లలు కారు. తోటి శిక్షణార్థులే పిల్లలు. గడ్డాలున్నవాళ్ళు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు, సొంత పిల్లలను పక్కింటివాళ్ళకు అప్పగించి వచ్చినవాళ్ళు బెంచీల మీద వరసగా కూర్చుని ఆరేళ్ళ వయసులోకి దిగాలి. ఎంత బాగా దిగారన్నదానికి మార్కులున్నాయి. మా మరదలి పక్కన కూర్చునే ఆయన పూర్వం తపాలా శాఖలో పనిచేసినవాడు. పెన్సిల్ పోయిందని ఏడవడంలో ఆయనను మించినవారు ఆ కళాశాల చరిత్రలో లేరు. ఆయన ఏడుపు విని ఒకసారి పక్క గది లెక్చరర్ పరుగెత్తుకొచ్చి మంచినీళ్ళు తాగించి వెళ్ళింది. మా మరదలికి మాత్రం ఈ అంశంలో బొటాబొటి మార్కులే వచ్చాయి. "ఈమె ఆరేళ్ళ పిల్లలో లోతు లేదు" అని కింద రాశారు.

ఇక పాఠ్య ప్రణాళిక. ఈ కోర్సుకు ప్రాణం ఎక్కడ ఉందంటే అందులో ఉంది.

కాగితం మీద మూడు నిలువు గడులుంటాయి. మొదటి గడిలో టీచరు ఏమంటుందో, రెండో గడిలో పిల్లలు ఏమంటారో, మూడో గడిలో పిల్లలకు ఏమి అర్థమైందో రాయాలి. మూడు గడులనూ పాఠానికి ముందురోజే నింపి, లెక్చరర్ చేత సంతకం చేయించుకోవాలి. (పిల్లలకు అర్థమైన తరువాత అర్థమైందని రాయడం ఎవరైనా చేయగలరు. దానికి శిక్షణ ఎందుకు?) "పిల్లలు వేరే జవాబు చెబితే ఏం చెయ్యాలండీ?" అని మా మరదలు ఒకసారి నోరు జారింది.  బోధనా పద్ధతులు చెప్పే లెక్చరర్ ఆమెను కొంతసేపు చూసి, మెల్లగా అన్నారు: "అది పిల్లల తప్పు కాదమ్మా. మీ ప్రణాళికలో లోపం. మీరు సరిగ్గా రాస్తే వాళ్ళు సరిగ్గా చెప్తారు."

ఈ ప్రణాళికలకు సంబంధించిన నిబంధనలు అనేకం ఉన్నా, మన కథకు ఒకటి చాలు. ప్రతి పాఠంలోనూ పిల్లల వైపునుంచి ఒక తప్పు సమాధానం రావడం తప్పనిసరి. అది రానిదే టీచరు తన "దోష నివారణ నైపుణ్యం" ప్రదర్శించడానికి వీలుండదు. ఆ నైపుణ్యంలో సున్నా వస్తే మిగతా అంశాలలో నిండు మార్కులు వచ్చినా పట్టా రాదు. అలాగని తప్పులు ఒకటికి మించితే పాఠం పిల్లలకు అర్థం కాలేదన్న అపోహ కలుగుతుంది. కనుక తప్పు ఒక్కటే ఉండాలి. అది ప్రణాళికలో రాసిన తప్పే అయివుండాలి.

చిక్కు ఎక్కడంటే, పిల్లలు సహజంగా చేసే తప్పులు నాణ్యత విషయంలో నమ్మదగినవి కావు. కొందరు అజాగ్రత్తగా సరైన జవాబు చెప్పేస్తారు. కొందరు తప్పే చెబుతారు గాని, రాసుకున్న తప్పు చెప్పరు. రాయి ఎందుకు మునిగిందని ఒక శిక్షణార్థిని అడిగితే, ఒక పిల్లవాడు "దానికి ఈత రాదు కదా టీచర్" అన్నాడు. ఆ శిక్షణార్థిని నేటికీ పట్టా లేకుండా తిరుగుతోంది. ఇటువంటి అరాచకాన్ని అరికట్టడానికి కళాశాల "దోష సమన్వయాధికారి" అనే పదవిని సృష్టించింది. అందులో నియమితుడైన సన్నపాటి పెద్దమనిషి, కళాశాలకు అనుబంధంగా ఉన్న అభ్యాస పాఠశాలను జల్లెడపట్టి, ఒకటో తరగతిలో ఒక అమ్మాయిని కనిపెట్టాడు. శిక్షణార్థులంతా ఆమెను "తప్పు పాప" అని పిలుస్తారు. నిందగా కాదు, బిరుదుగా.

తప్పు పాప ప్రతిభ అసామాన్యమైనది. "ఎలాంటి వస్తువులు నీళ్ళలో మునుగుతాయి?" అని టీచరు అడగగానే ఆమె చెయ్యెత్తుతుంది. లేచి నిలబడుతుంది. కప్పు వైపు చూస్తుంది. చూపుడువేలు గోరు కొరుకుతుంది. సరిగ్గా ఒక దీర్ఘమైన ఊపిరి పట్టేంతసేపు ఆలోచించి, "పెద్దవన్నీ మునుగుతాయి టీచర్, చిన్నవన్నీ తేలతాయి" అంటుంది. అప్పుడు టీచరు చిరునవ్వుతో (చిరునవ్వు మొదటి గడిలో రాసి ఉంటుంది) ఒక పెద్ద చెక్కముక్కనూ ఒక చిన్న గుండుసూదినీ నీళ్ళలో వేసి చూపించి, దోషాన్ని నివారిస్తుంది. తప్పు పాప కళ్ళు పెద్దవి చేసి, "ఓహో!" అంటుంది. ఆ "ఓహో" మూడో గడికి చెందినది.

శిక్షణార్థులందరూ ఈ ఒక్క పాఠమే చెబుతారు. సిలబస్‌లో వేరే పాఠాలు లేక కాదు. ఆమోదముద్ర ఉన్న చార్టు, నీలం టబ్బు ఈ పాఠానికే ఉన్నాయి.

పరీక్ష దగ్గర పడుతుండగా మా మరదలు ఇంట్లో సాధన మొదలుపెట్టింది. వంటింట్లో గిన్నెలు కడిగే టబ్బు హాల్లోకి వచ్చింది. మా తమ్ముడు మంచి పిల్లవాడు, నేను మామూలు పిల్లవాణ్ణి. తప్పు పాప పాత్ర మా అమ్మకు దక్కింది.

"పిల్లలూ, ఎలాంటి వస్తువులు నీళ్ళలో మునుగుతాయి?" అంది మా మరదలు.

"బరువును బట్టి ఉంటుంది. దేనితో చేశారో దాన్ని బట్టి కూడా ఉంటుంది" అంది మా అమ్మ.

"అత్తయ్యా, మీరు పెద్దవన్నీ మునుగుతాయనాలి."

"ఎందుకనాలి? మునగవుగా."

"అమ్మా, నువ్వు ఆరేళ్ళ పిల్లవి" అని గుర్తుచేశాడు మా తమ్ముడు.

"ఆరేళ్ళప్పుడూ నాకు తెలుసురా. బావిలో బొక్కెన పడిపోతే ఎవరు దిగి తీశారనుకున్నావు? మా నాన్నా?"

"తప్పు చెప్పకపోతే నాకు మార్కులు రావత్తయ్యా. మీరు తప్పు చెప్పాలి, నేను దిద్దాలి."

మా అమ్మ ఆమెను అనుమానంగా చూసింది. "అమ్మాయ్, ఇంత వయసొచ్చి, ఇద్దరు కొడుకుల ముందు, కోడలి చేత దిద్దించుకోమంటావా? నీకు టీచరుద్యోగం రావాలని నాకూ ఉంది. కానీ దానికోసం నేను బుర్ర తక్కువదాన్ని కాలేను. వాణ్ణి అడుగు, వాడికి అలవాటే" అని నా వైపు చూపించింది.

అభ్యాస పాఠశాలలో ఇటువంటి ఇబ్బందులేవీ లేవు. పరీక్షకు ముందురోజు మా మరదలు చివరి సాధనకు వెళ్ళినప్పుడు, ఒకటో తరగతి పిల్లలు ఆమెను అనుభవజ్ఞులైన ఉద్యోగులు కొత్త అధికారిని చూసినట్టు దయగా చూశారు. ఆ పాఠం వాళ్ళు ఎందరి నోట విన్నారో వాళ్ళకే తెలియదు.

"టీచర్, ముందు చార్టు తగిలించాలి" అంది మొదటి బెంచీ పిల్ల, ఆమె తబ్బిబ్బవడం చూసి.

"మేకు కొంచెం వదులుగా ఉంది టీచర్. గట్టిగా లాగకండి" అన్నాడు ఇంకొకడు.

"నిన్నటి సార్ అయితే మేకుతో సహా లాగేశాడు."

"ఆ సార్ భయపడ్డాడే పాపం. మనమే సర్దాం కదా."

ఆమె రాయిని నీళ్ళలో వేయబోయేలోపే తరగతి మొత్తం "మునిగింది టీచర్!" అంది. రాయి ఇంకా చేతిలోనే ఉంది. పాఠం నిర్విఘ్నంగా సాగింది. తప్పు పాప గోరు కొరికింది, తప్పు చెప్పింది, "ఓహో" అంది. మా మరదలికి అంతా సవ్యంగానే జరిగినట్టు అనిపించింది. ఆ అనిపించడంతోనే ఆమె వెళ్ళిపోయి ఉంటే ఈపాటికి మా వీధి చివర కుర్చీలో కూర్చుని ఉండేది.

గంట కొట్టాక ఆమె టబ్బు ఖాళీ చేయబోతుంటే తప్పు పాప పక్కన నిలబడి ఉంది.

"టీచర్, ఇందులో నేనొకటి వెయ్యనా?"

"వెయ్యి. అదేమిటి, ఇంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదా?"

"లేదు టీచర్. వెయ్యడం టీచర్ల పని. చెప్పడం మా పని."

ఆ పిల్ల నల్లబల్ల తుడిచే చెక్క డస్టర్ తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుని, ఏదో పగిలిపోతుందన్నట్టు మెల్లగా నీళ్ళ మీద పెట్టింది. అది తేలింది. ఆమె దాన్ని వేలితో కిందికి నొక్కి వదిలింది. మళ్ళీ పైకొచ్చింది.

"ఇది పెద్దదే కదా టీచర్?"

"పెద్దదే."

"అయితే పెద్దవి మునగవా?"

మా మరదలు ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. "అదేంటే, రోజూ టీచర్లు చూపిస్తున్నారు కదా? పెద్దవన్నీ మునగవని రోజూ చెప్తున్నారు కదా?"

"చెప్తారు. కానీ మళ్ళీ మర్నాడు నన్ను అదే చెప్పమంటారుగా" అంది తప్పు పాప. "అది తప్పయితే రోజూ నా చేత ఎందుకు చెప్పిస్తారు? అందుకని అదే రైటేమో, టీచర్లకే తెలీదేమో అనుకున్నా. పాపం, రోజుకొక కొత్త టీచర్ వస్తారు కదా."

 మా మరదలు తన సంచిలోంచి మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న నారింజపండు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. దాని తరువాత ఆమె చేసినదంతా నిబంధనలకు విరుద్ధమే కనుక క్లుప్తంగా చెబుతాను. నారింజ తేలింది. తొక్క ఒలిచి వేస్తే మునిగింది. చొక్కా గుండీ మునిగింది. అగ్గిపెట్టె తేలింది. తప్పు పాప మోచేతుల దాకా తడిసి, టబ్బు మీదికి వంగి, తొక్కను ముక్కలు చేసి, గిల్లి, నలిపి, అందులోంచి పుట్టిన బుడగలను ముక్కు ఆనించి మరీ చూసింది. ఆ సమయంలో ఆమె కప్పు వైపు చూడలేదు, గోరు కొరకలేదు. "ఓహో" అని కూడా అనలేదు. 

మర్నాడు పరీక్ష. పరీక్షకుడిగా వేరే కళాశాలనుంచి వచ్చే పెద్దమనిషిని అందరూ "ఎక్స్‌టర్నల్ గారు" అంటారు. ఆ ఎక్స్‌టర్నల్ గారు వెనక బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ఆయన ఎంతటి అనుభవజ్ఞుడంటే, పాఠం జరుగుతున్నంతసేపూ తలెత్తరు. ప్రణాళికలో ఒక్కొక్క వాక్యం చెవిన పడగానే పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోతారు. తరగతిలో పిల్లలు లేకపోయినా ఆయన గమనించరని గిట్టనివారు అంటారు. (గిట్టేవారు కూడా అంటారు.) దోష సమన్వయాధికారి తలుపు దగ్గర నిలబడి, పెళ్ళి పందిట్లో వధువు తండ్రిలా చేతులు నలుపుకుంటున్నాడు.

చార్టు గోడకెక్కింది. మేకు ఊడలేదు. రాయి మునిగింది, ఆకు తేలింది. టిక్కులు వరసగా పడ్డాయి.

"ఎలాంటి వస్తువులు నీళ్ళలో మునుగుతాయి పిల్లలూ?"

తప్పు పాప చెయ్యెత్తింది. లేచింది. కప్పు వైపు చూసింది. గోరు కొరికింది. ఊపిరి పట్టేంతసేపు గడిచింది. ఆ తరువాత కూడా గడుస్తూనే ఉంది. పెన్సిల్ గాలిలో ఆగింది.

"చెప్పమ్మా" అంది మా మరదలు.

"టీచర్..." తప్పు పాప గొంతు తగ్గించింది. కాని ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. "తప్పు చెప్పమంటారా, తెలిసింది చెప్పమంటారా?"

"తప్పు చెప్పవే!" అని మొదటి బెంచీ పిల్ల పళ్ళ బిగువున గుసగుసలాడింది. "టీచర్ ఫెయిలైపోతుందే!"

"చెప్పేయవే తల్లీ, ఒక్కసారికి" అన్నాడు మేకు పిల్లవాడు.

మా మరదలు ఆ క్షణంలో ఏమి ఆలోచించిందో మాకు తరువాత చెప్పింది. వీధి చివర కుర్చీ గుర్తొచ్చిందట. దానికి ఎడమ చెయ్యి కొంచెం విరిగి ఉంటుందట. బీమా కార్యాలయం గుర్తొచ్చిందట. ఆ పిల్ల నోటినుంచి రావలసిన మాట తన ప్రణాళికలో తన దస్తూరీతోనే, రెండో గడిలో, అందంగా రాసి ఉన్న సంగతి కూడా గుర్తొచ్చిందట.

"నీకు తెలిసింది చెప్పు" అంది.

"పెద్దదా చిన్నదా అని కాదు టీచర్. లోపల ఏముందో దాన్ని బట్టి" అంది తప్పు పాప. "నారింజ తొక్కలో గాలి దాక్కుని ఉంటుంది. అందుకే చొక్కా వేసుకుంటే తేలుతుంది, విప్పేస్తే మునుగుతుంది. చూపించనా?"

జవాబు కోసం ఆగకుండా వచ్చి టబ్బులో చేతులు పెట్టేసింది. "గుండీ చిన్నదే. చూడండి, మునిగింది. డస్టర్ పెద్దది. ఒరేయ్, నొక్కకు, దానంతట అదే వస్తుంది!" ఎందుకంటే అప్పటికి మేకు పిల్లవాడు బెంచీ దూకి వచ్చేశాడు. వెనకే మిగతావాళ్ళు. ఎన్నిసార్లు విన్న పాఠమో గాని, ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో వాళ్ళకు అంతవరకు తెలియదు. రబ్బరు వేశారు, పెన్సిల్ వేశారు, ఒకడు తన చెప్పు వేసి, అది తేలితే పొంగిపోయి రెండోది కూడా వేశాడు. "మూత పెట్టిన సీసా తేలుతుంది, మూత తీస్తే?" "పందెం!" "నువ్వు జరుగు, నాకు కనపడట్లేదు!"

ఎక్స్‌టర్నల్ గారు ప్రణాళికలో పేజీ తిప్పారు. మళ్ళీ వెనక్కి తిప్పారు. చివరికి లేచి వచ్చారు.

"ఇది ఏ పేజీలో ఉందమ్మా?"

"ఏ పేజీలోనూ లేదండీ."

"మరి జరుగుతోందే!"

"అవునండీ. జరుగుతోంది."

ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఎన్నో ఏళ్ళకు మొదటిసారి, పిల్లల వైపు చూశారు. ఒక చెప్పునుంచి నీళ్ళు ఆయన బూటు మీద కారాయి. "వీళ్ళు ఎప్పుడూ ఇంతేనా?" అని దోష సమన్వయాధికారిని అడిగారు.

"లేదండీ. నిన్నటిదాకా చాలా బాగుండేవాళ్ళు" అన్నాడాయన, కన్నీళ్ళు ఆపుకుంటూ.

నివేదిక సంయమనంతో రాసినది. శిక్షణార్థిని కంఠస్వరం స్పష్టంగా ఉందనీ, నల్లబల్లను పైనుంచి కిందికే తుడిచిందనీ మెచ్చుకుంది. అయితే తరగతి గదిలో ముందస్తు అనుమతి లేకుండా అవగాహన చోటుచేసుకుందని విచారం వ్యక్తం చేసింది. ఆ పాఠానికి సంబంధించిన అవగాహన ముందురోజే మూడో గడిలో నమోదై, సంతకం కూడా పూర్తయినందున, పాఠం రోజున పిల్లలకు మళ్ళీ అర్థం కావడం ఒకే అంశాన్ని రెండుసార్లు లెక్కచూపడం అవుతుందని ఎత్తిచూపింది. తప్పు సమాధానం రానందున దిద్దడం జరగలేదు, దిద్దడం జరగనందున దోష నివారణ నైపుణ్యం సున్నా.

మా ఇంట్లో ఆ సాయంత్రం మా అమ్మే ముందు నోరు విప్పింది.

"ఇంతకీ ఆ పిల్ల చెప్పింది ఒప్పేనా?"

"ఒప్పే అత్తయ్యా."

"నువ్వు నేర్పిందేనా?"

"నేను టబ్బిచ్చానంతే. అదే నేర్చుకుంది."

"మరి ఎందుకు ఫెయిల్ చేశారు?"

"అందుకే."

మా అమ్మ మా ముగ్గురినీ చూసింది. "నేను చెప్తే విన్నారా? నేను అప్పుడే ఒప్పు చెప్పాను" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ మా మరదలి తల మీద చెయ్యి వేసి వెళ్ళింది.

వీధి చివరి హెడ్‌మిస్ట్రెస్ పునఃపరీక్ష దాకా కుర్చీ ఆపుతానంది. "ఆ తర్వాత నా చేతుల్లో లేదమ్మా. పైనుంచి ఎవర్నో ఒకర్ని పంపేస్తారు. ఈసారి నీకు తెలిసినవన్నీ ఇంట్లో పెట్టి వెళ్ళు" అని హితవు చెప్పింది. ప్రిన్సిపాల్ ఇంకా ఉదారంగా మాట్లాడారు. ఇటువంటి ప్రమాదాలు ఏ కోర్సులోనైనా జరుగుతాయన్నారు. "ఆ పాపను కాస్త బుజ్జగించండి. పాత జవాబే చెప్పమనండి. మీరంటే దానికి ఇష్టం కదా, కాదనదు. మీకు పట్టా, మాకు నూటికి నూరు ఫలితాలు. పిల్లకేం పోతుంది చెప్పండి?"

బుజ్జగించవలసిన అవసరం రాలేదు. కళాశాల గేటు దాటేసరికి తప్పు పాప బడి సంచితో ఎదురొచ్చింది.

"టీచర్, మీరు ఫెయిలయ్యారటగా. నా వల్లేనట."

"ఎవరన్నారు?"

"అందరూ." ఆ పిల్ల కాలి బొటనవేలితో నేల గీరింది. "ఈసారి తప్పే చెప్తా టీచర్. ఒట్టు. ఎప్పటికంటే బాగా చెప్తా. కావాలంటే కొంచెం ఏడ్చి మరీ చెప్తా."

తపాలా శాఖ ఆయన ఆ మాట వింటే కాళ్ళకు దండం పెట్టేవాడు. మా మరదలు వంగి ఆ పిల్ల సంచి పట్టీ సరిచేసింది.

"వద్దమ్మా. నీకు తెలిసిపోయింది కదా. ఇక నువ్వా పని చెయ్యక్కర్లేదు."

"అయితే నన్ను తప్పు పాప అనరా?"

"అనరు."

"మరేమంటారు?"

దీనికి ఏ గడిలోనూ జవాబు రాసి లేదు. ఇద్దరూ నవ్వుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

మరునాడు మా మరదలు ప్రిన్సిపాల్‌కు ఒక లేఖ సమర్పించింది. పునఃపరీక్షలో ఆ పిల్ల చేత గాని, ఆ తరగతిలో తెలిసిన మరే పిల్ల చేత గాని తెలియనట్టు చెప్పించడానికి తనకు సమ్మతం లేదని అందులో విన్నవించింది. తిరస్కరణకు సైతం కృతజ్ఞతలు చెప్పించుకున్న ఆ చేతి రాత ఈసారి ప్రిన్సిపాల్ మీద పనిచేయలేదు. ఆయన మండిపడ్డారు. కాని నిబంధనల పుస్తకం తిరగేస్తే, శిక్షణార్థిని సమ్మతి లేనిదే తప్పు సమాధానాన్ని కేటాయించరాదని తామే రాసుకున్న వాక్యం కనిపించింది. నిబంధన ఉన్నచోట ఆ కళాశాల ఏనాడూ వెనుకంజ వేయలేదు. కనుక తేలడం, మునగడం గురించి ఇంకా ఏమీ తెలియని పిల్ల ఒకరు అత్యవసరంగా కావాలనీ, పిల్ల అజ్ఞానాన్ని సంబంధిత ఉపాధ్యాయులే ధ్రువీకరించాలనీ అభ్యాస పాఠశాలకు ఒక అధికారిక లేఖ వెళ్ళింది. దొరకకపోతే పునఃపరీక్ష లేదు, పునఃపరీక్ష లేకపోతే మా మరదలికి కుర్చీ లేదు. ఒకరు దొరుకుతారా లేదా అని దోష సమన్వయాధికారి సరిగా భోజనం కూడా చేయలేదని విన్నాం.

అభ్యాస పాఠశాల ప్రధానోపాధ్యాయుడు లేఖ అందిన పూటే జవాబు పంపారు. ఒకటో తరగతిలో జరిగిన నష్టానికి తాము బాధ్యత వహిస్తున్నామనీ, ఇకముందు టబ్బును బీరువాలో పెట్టి తాళం వేస్తామనీ, మిగిలిన తరగతులన్నీ, ఐదో తరగతితో సహా, ఎప్పటిలాగే భద్రంగా ఉన్నాయనీ అందులో తెలియజేశారు. ఒకరే ఎందుకు, ఎందరు కావాలంటే అందరినీ పంపగలమన్నారు.